ఒక శ్రుతి, రెండు గొంతులు

పాటతో నడిచే నాటకంలో ఇద్దరు పాత్రధారులు ఎదురెదురుగా నిలిచి, ఒకే శ్రుతిలో, ఒకే బాణీలో సంవాదం సాగించవలసి వచ్చినపుడు ఎవరి పాత్ర వారిదిగా వినిపించడం ఎట్లా? చూడడానికి ఇది గాయకుల చిక్కు. కాని నాటకం వ్రాసేవాడికి, అంతకంటె ఎక్కువగా ఒక భాషలోని నాటకాన్ని మరొక భాషలోకి తెచ్చేవాడికి కూడా ఇది తప్పించుకోరాని ప్రశ్న. వచనంలో పాత్రలను వేరు చేయడానికి మాటతీరు వున్నది, యాస వున్నది, ఎత్తిపొడుపు వున్నది. పద్యంలోకి వచ్చేసరికి ఇవన్నీ ఛందస్సు చెప్పినట్లు సర్దుకొని కూర్చుంటాయి. అప్పుడు పాత్రకు మిగిలే పెద్ద దిక్కు గొంతు. ఆ గొంతును గురించి మన విమర్శకులు వ్రాసినది తక్కువ. మాధుర్యాన్ని మెచ్చుకున్నారు, శ్రావ్యతను మెచ్చుకున్నారు; రెండు గొంతులు ఒకదానికొకటి ఏమవుతున్నవో అరుదుగా విచారించారు.

ఈ విచారణకు హరిశ్చంద్ర కథలోని కాటిఘట్టాన్ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. ఉత్తర దక్షిణ దేశాలు రెండింటికీ అది సొంత ఘట్టం. సంస్కృతంలో క్షేమీశ్వరుని 'చండకౌశికం' వున్నది. హిందీలో భారతేందు హరిశ్చంద్రుడు 1875లో 'సత్య హరిశ్చంద్ర' వ్రాశాడు. హాథరస్, కాన్పూర్ బాణీల నౌటంకీలలో ఈ కథ తరతరాలుగా ఆడుతూ వచ్చింది. మనకు గౌరన ద్విపద వున్నది; బలిజేపల్లి లక్ష్మీకాంతకవి (1881-1953) రచించిన 'సత్యహరిశ్చంద్రీయం' వున్నది. రాణి పేరు భారతేందు నాటకంలో శైవ్య, నౌటంకీలో తారామతి, మన నాటకంలో చంద్రమతి. పేరు ఏదైనా ఆమె చేతిలో చచ్చిన బిడ్డ వున్నాడు. ఎదుట కాటికాపరి వేషంలో భర్త వున్నాడు. మధ్యలో సుంకం వున్నది.

కొన్నేళ్ళ క్రితం నేను నౌటంకీలోని ఈ సవాల్-జవాబ్‌ను తెలుగు చేయబూనాను. హరిశ్చంద్రుడికి చంపకమాల, తారామతికి తేటగీతి ఇచ్చాను. ఒకటి గంభీరమైన వృత్తం, ఒకటి మెత్తని గీతం. పాత్రభేదం ఇంతటితో సిద్ధించిందని తృప్తిపడ్డాను. దానిని ఒక పాత పద్యనాటక నటుడికి వినిపించాను. ఆయన పడుచుతనంలో చంద్రమతి వేషం, తరువాత హరిశ్చంద్రుడి వేషం కట్టినవాడు. కాగితం తీసుకొని, కళ్ళకు దగ్గరగా పెట్టుకొని, రెండు పాత్రలూ తానే మెల్లగా పాడి చూశాడు. పాడి కాగితం తిరిగి నా చేతికిచ్చాడు.

"మాస్టారూ, ఛందస్సులు రెండు పెట్టారు గాని ఊపిరి ఒకటే పెట్టారు. ఇద్దరూ ఒకేచోట గాలి పీలుస్తున్నారు. కాపలావాడికీ, కడుపుకోతలో వున్న తల్లికీ ఊపిరి ఒకలా ఆడుతుందా?" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఈ వ్యాసం ఆ జవాబును వెదకడానికి చేసిన ప్రయత్నం.

మొదట భరతుని దగ్గరకు పోవాలి. నాట్యశాస్త్రంలో కాకువును గురించిన భాగం పాఠ్యగుణాలను చెబుతుంది. గొంతు వెలువడే తావులు మూడు: ఉరస్సు, కంఠం, శిరస్సు. కాకువు రెండు విధాలు: సాకాంక్షం, నిరాకాంక్షం. అర్థం ఇంకా మిగిలి వున్నట్లు పలికేది సాకాంక్షం. అర్థం ముగిసినట్లు పలికేది నిరాకాంక్షం. ఉచ్చ, దీప్త, మంద్ర, నీచ, ద్రుత, విలంబితాలని ఆరు అలంకారాలు. విచ్ఛేదం, అర్పణం, విసర్గం, అనుబంధం, దీపనం, ప్రశమనం అని ఆరు అంగాలు. ఆగడం విచ్ఛేదం. ఆగక, ఊపిరి తీయక పదాన్ని పదంతో కలుపుకొని పోవడం అనుబంధం. గొంతును క్రమంగా పెంచడం దీపనం. వికారం లేకుండా దించడం ప్రశమనం. రసానికి తగిన స్వరాలను కూడ భరతుడు చెప్పాడు: వీరరౌద్రాద్భుతాలకు షడ్జ ఋషభాలు, కరుణకు గాంధార నిషాదాలు.

ఇన్ని చెప్పిన భరతుడు రాజుకు ఒక గొంతు, దాసికి ఒక గొంతు అని జాబితా వ్రాసి ఊరుకోలేదన్నది ముఖ్యం. ఉన్న గొంతును ఏ తావునుంచి తీయాలి, ఎక్కడ ఆపాలి, ఎక్కడ ఆపకూడదు అన్న విచారణకే ఎక్కువ చోటిచ్చాడు. తరువాతి రంగస్థలం చాలాచోట్ల దీనిని మరచి గొంతు మార్చడాన్నే పాత్రభేదమనుకున్నది. నక్షత్రకుడంటే ముక్కుతో పాడాలి. కాపరి అంటే గొంతు బొంగురు చేయాలి. స్త్రీ పాత్ర అంటే సన్నగా పీచుగొంతు పెట్టాలి. అప్పులవాణ్ణి నక్షత్రకుడితో పోల్చే జాతి మనది. నక్షత్రకుడి పీడ ఆయన ముక్కులో లేదని మనకు తెలియనిది కాదు. ఎదుటివాడు ఊపిరి తీసుకొనేలోగా తన మాట తోయడంలో ఆ పీడ వున్నది. ముక్కుగొంతు మొదటి పద్యానికి నవ్వు తెస్తుంది, మూడవ పద్యానికి విసుగు తెస్తుంది. మాట తోసే పద్ధతి నాటకం ముగిసేదాకా పనిచేస్తుంది.

శ్రుతి విషయం ఇంకొక చిక్కు. కర్ణాటక సంగీతంలో పురుషులు సాధారణంగా ఒకటికీ రెండుకీ మధ్య శ్రుతిలో పాడతారు. స్త్రీలు నాలుగున్నరకూ ఆరుకూ మధ్య పాడతారు. ఒకటికీ ఐదుకీ నడుమ దూరం షడ్జ పంచమాల దూరం. నాటకంలో హార్మోనియం ఒక్కటే. పద్యం పద్యానికీ శ్రుతి మార్చుకుంటూ కూర్చుంటే సంవాదం తెగిపోతుంది. కనుక ఎవరో ఒకరు సర్దుకోవాలి. మైకులేని రోజులలో మగవారే పైకి ఎక్కారు. వెనుక వరుసకు వినబడాలంటే హెచ్చు శ్రుతి అవసరమైంది. దానివల్ల ఒక నష్టం కలిగింది. మొదటి పద్యమే తారస్థాయిలో ఎత్తుకున్న హరిశ్చంద్రుడికి, భార్యను గుర్తించే ఘడియ వచ్చేసరికి పైన మెట్లు మిగలవు. దీపనం చేయడానికి చోటులేక అరుపు చేయవలసి వస్తుంది. ఇంగితం తెలిసిన నటుడు మొదటి సగమంతా మధ్యస్థాయి దాటకుండా పాడి, పై స్వరాలను మూటకట్టి దాచుకుంటాడు.

ఇద్దరు గాయకులలో ఎవరి గొంతు వారు మార్చుకోకుండానే భేదం చూపవచ్చుననడానికి మహారాష్ట్ర రంగస్థల చరిత్రలో ఒక సంఘటన వున్నది. కృష్ణాజీ ప్రభాకర్ ఖాడిల్కర్ 1911లో రచించిన 'సంగీత మానాపమాన్'కు గోవిందరావు టెంబే బాణీలు కట్టాడు. 1921 జులై 8న బొంబాయిలో, తిలక్ స్వరాజ్య నిధి కోసం, రెండు పోటీ నాటక సమాజాలు కలిసి ఆ నాటకాన్ని ఆడాయి. ధైర్యధరుడు కేశవరావు భోసలే, భామిని బాలగంధర్వుడు. ధైర్యధరుడు పరాక్రమవంతుడైన సేనాని, ధనం లేనివాడు. భామిని అతణ్ణి చిన్నచూపు చూసిన సంపన్నుల బిడ్డ. ఇద్దరూ పురుషులే. కేశవరావు పాటలో దూకుడు, పదునైన తానాలు ప్రసిద్ధం. బాలగంధర్వుని పాటలో లాలిత్యం, పలుకులోని మార్దవం ప్రసిద్ధం. ఎవరి బాణీ వారు పాడారు. నాటకం అడిగిన భేదం దానితోనే సమకూరింది. అదే సంవత్సరం అక్టోబరులో కేశవరావు కన్నుమూశాడు. ఆ రాత్రి జనం ఇద్దరు గాయకుల పోటీ చూడడానికి వచ్చారన్నది నిజమే. గాయకుల పోటీ పాత్రల పోటీని మింగివేసే ప్రమాదం ఎప్పుడూ వున్నది. మానావమానాలే కథావస్తువు గనుక ఆ నాటకం దానికి తట్టుకోగలిగినది. కాటిఘట్టం తట్టుకోలేదు. శవం ముందు పోటీ ఏమిటి?

ఇక నౌటంకీ. దానిలో సంవాదం దోహాతో మొదలై, చౌబోలాలో విస్తరించి, దౌడ్‌లో పరుగెత్తి ముగుస్తుంది. నడుమ బహరే తవీల్ వంటి దీర్ఘ ఛందస్సులు వస్తాయి. దోహా పాదంలో 24 మాత్రలు: 13 మాత్రల దగ్గర ఆగాలి, తక్కిన 11 మాత్రలతో ముగించాలి. దోహాను, చౌబోలాను తాళం లేకుండా, బిగ్గరగా, చివరి అచ్చును సాగదీసి పాడతారు; పాదం ముగియగానే నగారా అందుకుంటుంది. 13 దగ్గర విరామం నిజమైన విరామం. రాజైనా, చండాలుడైనా, తల్లి అయినా అక్కడ ఆగక తప్పదు. అంటే ఊపిరి తావు అందరికీ ఒకటే.

అయితే నౌటంకీ గాయకులు పాత్రలను దేనితో వేరుచేస్తారు? నేను విన్నంతలో వారి శక్తి పాదాంతంలో వున్నది. కాపరి పాదాంతాన్ని కత్తిరించినట్లు వదిలితే నగారా వెంటనే మీద పడుతుంది. హుకుం వెనుక డోలు మోగినట్లుంటుంది. తారామతి పాదాంతాన్ని సాగదీసి, ధ్వని సన్నగిల్లేదాకా వదలకపోతే నగారా ఆగి కాచుకోవలసి వస్తుంది. డోలు ఎవరి వెనుక పరుగెత్తుతున్నది, ఎవరికోసం కాచుకొని వున్నది అన్నదానిలోనే ఇద్దరి స్థితి వినబడుతుంది. రెండవది భాష. ఖడీబోలీలో ఉర్దూ మాటలు, బ్రజ మాటలు కలసిపోయిన భాష అది. సర్కారు మాట వచ్చినచోట ఉర్దూ పదానికి గొంతు బిగుస్తుంది. బిడ్డ మాట వచ్చినచోట బ్రజ పదానికి అచ్చు తెరచుకుంటుంది. ఒకప్పుడు తారామతి పాత్రను మగపిల్లలు ధరించేవారు. తరువాత ఆ పాత్రకు పేరు తెచ్చిన గులాబ్ బాయి నౌటంకీలో అడుగుపెట్టిన తొలి స్త్రీలలో అగ్రగణ్యురాలు; 1990లో పద్మశ్రీ పొంది, 1996లో మరణించింది. స్త్రీలు వచ్చిన తరువాత కూడ నౌటంకీ ఆ బిగ్గరగానాన్ని వదలలేదన్నది గమనింపదగినది. స్త్రీత్వం సన్నగొంతులో లేదని ఆ రంగస్థలం తన అనుభవంతో నిరూపించింది.

భారతేందు నాటకంలో కాపరి తన భార్యను, బిడ్డను ముందే గుర్తిస్తాడు. గుర్తించి కూడ, తాను అమ్ముడుపోయినవాణ్ణని తలచుకొని, సగం కఫన్ అడగడానికి చెయ్యి చాపుతాడు. ఆ చోట గొంతు దాచవలసినది చాలా వున్నది. తెలుగు కథ వేరు. చంద్రమతి మాంగల్యం భర్తకు తప్ప పరులకు కనబడదు. సుంకానికి డబ్బు లేదన్న స్త్రీతో, మెడలోని మాంగల్యం అమ్మి చెల్లించరాదా అని కాపరి అంటాడు. ఆ ఒక్కమాటతో ఆమెకు ఎదుటివాడెవడో తెలిసిపోతుంది. హిందీలో గాయకుడు తెలిసినదానిని కప్పిపుచ్చుతూ పాడాలి. తెలుగులో గాయకుడు తెలియక పాడాలి, గాయని తెలుసుకుంటూ వినాలి.

ఈ వినడాన్ని పద్యం ఎట్లా మోస్తుంది? ఇక్కడ మన ఛందస్సు ఇచ్చిన వరం ఒకటి వున్నది. సంస్కృతంలో యతి అంటే విరామం. తెలుగులో యతి అక్షరమైత్రి. అక్కడ ఆగనక్కర లేదు. ఉత్పలమాలలో పదవ అక్షరం, చంపకమాలలో పదకొండవ అక్షరం యతిస్థానాలు. పదం వాటిమీదుగా నిరాటంకంగా సాగిపోవచ్చు. ఒక పాదంలో మొదలైన మాట మరుసటి పాదంలో ముగియవచ్చు. కనుక తెలుగు పద్యంలో ఊపిరి తావు కవి చేతిలో, నటుడి చేతిలో వున్నది. కాపరి పద్యంలో మాటలు పాదంతోపాటు ముగియాలి. అతడు యతి దగ్గర నిలకడగా ఊని, పాదాంతంలో గాలి పీల్చి, గమకాలు తగ్గించి, హల్లులు స్పష్టంగా తాకుతూ, చివరి అక్షరాన్ని పొట్టిగా తెంపివేయాలి. అది విచ్ఛేదం, నిరాకాంక్షం. తల్లి పద్యంలో మాట పాదాన్ని దాటిపోవాలి. ఆమె ఆగవలసినచోట ఆగక, ఆగరానిచోట ఊపిరి అందక ఆగాలి. అది అనుబంధం, సాకాంక్షం. ఇంతకు మించి ఏడుపు అవసరం లేదు. నిజమైన ఏడుపు గొంతును మూసివేస్తుంది; పాడేవారి గొంతు తెరచి వుండాలి. కన్నీరు తుడుచుకుంటూ రాగం తీసిన చంద్రమతులను చూశాను. వారి అవస్థకు జాలి కలిగింది గాని చంద్రమతి అవస్థకు కాదు.

మాంగల్యం మాట తరువాత జరిగేదే ఈ ఘట్టానికి ప్రాణం. అప్పటివరకు ఆమె అడుగుతున్నది, అతడు తేల్చి చెబుతున్నాడు. తెలిసిన క్షణంనుంచి తారుమారు కావాలి. భర్తను గుర్తించిన చంద్రమతి గొంతు నిలకడపడుతుంది. ప్రశమనం పొంది మంద్రంలోకి దిగుతుంది. ఇన్నాళ్ళ నడకకు ఒక తీరం కనబడింది. హరిశ్చంద్రుడి గొంతు మొదటిసారి పాదాన్ని దాటి తొణుకుతుంది. దాచుకున్న పై స్వరాలు ఇప్పుడు కావాలి. కథ ఇంకా ముందుకు నడచి, బాలహత్య నింద మోసిన ఆమె తల నరకవలసిన పని అతడిమీదనే పడినపుడు, నిబ్బరంగా తేల్చి పలికేది ఆమె. మాట మిగిలిపోయేది అతడికి. రెండు పాత్రలూ తమ ఊపిరులను మార్చుకున్నవి. ఈ మార్పిడి వినిపించాలంటే మొదటి సగంలో భేదం కచ్చితంగా స్థాపించి వుండాలి. ఇద్దరూ మొదటినుంచీ ఒకే ఆర్తితో పాడితే మార్చుకోవడానికి ఏమీ వుండదు.

మంచి జోడీలు పాటించే మరొక సూక్ష్మం వున్నది. ఎదుటివారు పద్యం వదిలిన స్వరంమీదనే తమ పద్యం ఎత్తుకుంటే అది వారి మాటను ఒప్పుకొన్నట్లు వినబడుతుంది. వేరే స్వరంమీద ఎత్తుకుంటే తోసిపుచ్చినట్లు వినబడుతుంది. కాపరి ఆమె స్వరాన్ని అందుకోకుండా తన షడ్జంమీదనే మళ్ళీ మళ్ళీ ఎత్తుకోవాలి. గుర్తింపు తరువాత ఆమె వదిలినచోటనే అందుకోవాలి. ప్రేక్షకులలో స్వరజ్ఞానం లేనివారికి కూడ ఇది తెలుస్తుంది. ఏమిటో చెప్పలేరు గాని గుండె పట్టేసినట్లుంటుంది.

మన పద్యనాటకం ఈ సంపదను ఎంతవరకు వాడుకున్నది? పద్యం చివర రాగం తీయడం, 'వన్స్ మోర్' అనగానే మళ్ళీ పాడడం మనకు ప్రీతికరమైన అలవాట్లు. వాటిని నేను ద్వేషించను. డి.వి.సుబ్బారావు వంటి వారి గొంతులో హరిశ్చంద్రుడు పల్లెపల్లెకు చేరాడంటే ఆ రాగాల చలవ కొంత వున్నది. జాషువా (1895-1971) శ్మశాన పద్యాలు బలిజేపల్లివారివి కాకపోయినా కాటిసీనులో స్థిరపడిపోయాయి. అవి రావడం తెలుగు కవిత్వానికి గౌరవమే. కాని ఈ సమకూర్పులన్నీ హరిశ్చంద్రుడి ఒంటరి గానాన్ని పెంచినవి. చంద్రమతి వచ్చేసరికి వినేవారు అప్పటికే తృప్తిపడి వుంటారు. పద్యం వెనుక తీసిన సాగుడు రాగంలో కాపరి తెంపివేసిన చివరి అక్షరం కరిగిపోతుంది. అతడు తెంపినట్లే తెలియదు. హుకుం చెప్పినవాడు అదే హుకుంమీద రెండు నిమిషాలు ఆలాపన చేస్తే దానిని హుకుం అని ఎవరు నమ్ముతారు? మైకు వచ్చిన తరువాత హెచ్చు శ్రుతి అవసరం తీరిపోయింది. మెల్లగా పలికిన మంద్రం కూడ చివరి వరుసకు చేరుతుంది. ఊపిరి ఎక్కడ ఆగిందో కూడ మైకు చెప్పగలదు. ఆ సాధనాన్ని మనం రాగాన్ని మరింత సాగదీయడానికే ఎక్కువగా వాడుకున్నాం.

నా అనువాదానికి వస్తాను. మొదటి ప్రయత్నంలో నేను దోహా విరామాన్ని తెలుగు యతిమీద కూర్చోబెట్టాను. మూలానికి విధేయుణ్ణనుకున్నాను. దానివల్ల హిందీలో వున్న సమాన విరామం తెలుగులోకి వచ్చింది గాని, దానికి సమాధానంగా అక్కడ వున్న నగారా రాలేదు. నగారాను అనువదించలేను, అది చేసే పనిని మరొకదానిచేత చేయించాలి. రెండవసారి ఇద్దరికీ చంపకమాలే ఇచ్చాను. కాపరి మాటలను పాదాలలో బంధించాను. సుంకం, బాకీ, వసూలు అన్న కచేరీ మాటలు అతడికిచ్చాను. తల్లి మాటలను పాదాలు దాటించాను. మాంగల్యం మాట తరువాతి రెండు పద్యాలలో ఈ పద్ధతిని తిరగవేశాను.

ఆ కాగితం తీసుకొని మళ్ళీ అదే పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. ఆయన గొంతు అప్పటికి బాగా తగ్గిపోయింది. శ్రుతిపెట్టె లేకుండా, దాదాపు చదువుతున్నట్లే పాడాడు. గొంతు మార్చలేదు, మార్చే శక్తి కూడ లేదు. కాపరి దగ్గర ఆగినచోట ఆగాడు, తల్లి దగ్గర ఆగలేకపోయినచోట ఆగలేదు. చివరి పద్యంలో ఒకచోట వ్రేలు పెట్టి, "ఇక్కడ ఊపిరి చాలడం లేదు" అన్నాడు. దిద్దమంటారా అని అడిగాను.

"వద్దు. చాలకూడదు" అన్నాడు.